పాతిక శాతం లెక్క, పావలా వడ్డీ లెక్క

రెండేళ్ల కిందట బందరులో ఒక చదువు తరగతికి పిలిస్తే వెళ్లాను. ప్రపంచంలో పెత్తనం ఒక దేశం చేతి నుంచి ఇంకో దేశం చేతికి ఎలా పోతుంది, ఆర్థిక చరిత్ర దాని గురించి ఏం చెబుతుంది అన్నది ఆ రోజు విషయం. నేను ఎప్పటిలాగే బోర్డు మీద రెండు అంకెలు రాసి మొదలుపెట్టాను. 1700లో ప్రపంచ ఉత్పత్తిలో భారతదేశం వాటా 24.4 శాతం. 1950 నాటికి 4.2 శాతం. ఈ రెంటికీ మధ్య జరిగిందే మన చరిత్ర అన్నాను.

వెనక వరసలోంచి డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె లేచింది. "1700లో ఇంగ్లండు వాటా ఎంత సార్?" అంది. 2.9 శాతం అని చెప్పాను. "మరి 24 ఉన్నవాళ్లని 3 ఉన్నవాళ్లు ఎలా గెలిచారు సార్?"

మోసం, ఫిరంగులు, మనలో ఐకమత్యం లేకపోవడం అని ఏదో చెప్పాను. ఆమె కూర్చుంది గానీ తృప్తి పడలేదని మొహం చూస్తేనే తెలిసింది. నిజానికి నాకూ తృప్తి కలగలేదు. బాబాల చేతిలో విభూతి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగే మనం, మనకి నచ్చిన అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎందుకు అడగం? ఆ 24.4ని పదిహేనేళ్లుగా వాడుతున్నాను. ఒక్కసారి కూడా విప్పి చూడలేదు.

ఈ అంకె నేనొక్కణ్ణే వాడింది కాదు. 2005 జులైలో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఇలాంటి అంకెనే చెప్పారు. ఆయన చెప్పింది 1700లో 22.6 శాతం, 1952లో 3.8 శాతం. 2015లో అదే ఊళ్లో శశి థరూర్ 23 శాతం అన్నారు. వలసపాలనని తిట్టేవాళ్లూ వాడతారు, ప్రాచీన వైభవం గురించి చెప్పేవాళ్లూ వాడతారు. ఎడమ చేతికీ కుడి చేతికీ ఒకేలా సరిపోయే చేతితొడుగు ఏదన్నా కనపడితే కాస్త అనుమానించాలి.

ఈ లెక్కలన్నీ ఆంగస్ మాడిసన్ అనే ఆర్థిక చరిత్రకారుడివి. 2001లో ఆయన వెయ్యేళ్ల ప్రపంచ ఆర్థిక చరిత్ర పుస్తకం వేశాడు. ఇంటికొచ్చి దాని పట్టికలు తీసి కాయితం మీద గుణించుకున్నాను. 1700లో భారతదేశ జనాభా 16.5 కోట్లు అని ఆయన అంచనా. తలసరి ఆదాయం 550 డాలర్లు (1990 నాటి డాలరు విలువలో). రెంటినీ గుణిస్తే 9,075 కోట్లు. ప్రపంచ మొత్తంలో అది 24.4 శాతం. అంకె వచ్చింది, బాగానే ఉంది. అప్పుడు పక్క గడి చూశాను. ఆనాటి ప్రపంచ జనాభా సుమారు 60 కోట్లు. అందులో మనం 27 శాతం. అంటే ప్రపంచంలో 27 శాతం జనం కలిసి 24 శాతం సంపద పండించారు! సగటు కంటే తక్కువన్నమాట. నేను పదిహేనేళ్లుగా ఐశ్వర్యం అని చూపిస్తున్న అంకె చాలామటుకు జనాభా లెక్కే.

ఇంకా చిత్రం ఏమిటంటే, మాడిసన్ పట్టికలో భారతీయుడి తలసరి ఆదాయం 1500లోనూ 550, 1600లోనూ 550, 1700లోనూ 550. విజయనగరం కూలింది, మొగలులు వచ్చారు, బందరు రేవు వెలిగింది, కరువులు వచ్చాయి. ఆదాయం మాత్రం ఒక్క డాలరూ కదల్లేదు! ఇది ఎవరూ కొలిచిన అంకె కాదు. ఆధారాలు చాలనిచోట పెద్దాయన వేసిన ఒక ఉజ్జాయింపు. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా. ఆ ఉజ్జాయింపుని దశాంశంతో సహా బోర్డు మీదకెక్కించిన నాబోటివాళ్లదే తప్పు.

తరవాత వచ్చినవాళ్లు కొలవడానికి ప్రయత్నించారు. బ్రాడ్‌బెరీ, కస్టోడిస్, బిష్ణుప్రియ గుప్తా 2015లో ప్రచురించిన పరిశోధనలో ఐన్-ఎ-అక్బరీలో ఉన్న కూలీరేట్లు మొదలు పంటల దాకా పోగుచేసి లెక్క కట్టారు. వాళ్ల ప్రకారం 1600లో మన తలసరి ఆదాయం బ్రిటన్ ఆదాయంలో 60 శాతానికి పైగా ఉంది. 1871కి 15 శాతం లోపుకి పడిపోయింది. ఈ జారుడు ప్లాసీ కంటే ముందే మొదలైందని కూడా వాళ్ల లెక్కల్లో తేలింది. అందరూ ఒప్పుకోలేదు. పద్ధెనిమిదో శతాబ్దంలో దక్షిణాది నేతగాడి నిజ వేతనం ఇంగ్లండు నేతగాడి వేతనానికి తీసిపోదని ప్రసన్నన్ పార్థసారథి 1998లోనే వాదించాడు. ఆ తగువు ఇంకా తేలలేదు. కూలీకి వచ్చిన ధాన్యాన్ని ఎలా తూచాలన్న దగ్గరే చాలా తేడాలొస్తాయి.

సగటు అనే మాట వెనక ఏముంటుందో కూడా చూడాలి. గోల్కొండ అంటే వజ్రాలు అని మనం గొప్పగా చెప్పుకుంటాం. వజ్రాల వర్తకుడు టావెర్నియే పదిహేడో శతాబ్దంలో ఇక్కడి గనులు తిరిగి చూశాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లా కలిసి 60 వేల మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. రావులకొండ గనిలో పని బాగా తెలిసిన కూలీకి కూడా ఏడాదికి దక్కేది 3 వరహాలని కూడా రాశాడు. ఆ 24.4 శాతంలో ఈ మూడు వరహాలూ ఉన్నాయి, గోల్కొండ ఖజానా కూడా ఉంది.

సరే, వాటా పెద్దదైతే బలం పెద్దదనే సూత్రం ఇంకోచోట నిలుస్తుందేమో చూద్దాం. అదే మాడిసన్ పట్టికలో 1820లో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద ఆర్థిక వ్యవస్థ చైనాది. 32.9 శాతం, మూడో వంతు. బ్రిటన్‌ది 5.2. పాతికేళ్లు తిరక్కుండా నల్లమందు యుద్ధంలో చైనా ఓడిపోయింది. 1842లో హాంకాంగ్ ఇచ్చి, 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు జరిమానా కట్టి, రేవులు తెరిచింది. సూత్రం అక్కడే చచ్చింది.

మరయితే బలం ఎక్కడుంది? దీనికి బందరు కథే దారి చూపిస్తుంది.

డచ్చివాళ్లు 1600ల మొదట్లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో దిగారు. వాళ్లు అమ్మడానికి తెచ్చిన సరుకుల్లో మనవాళ్లకి పనికొచ్చేవి తక్కువ. అందుకని వెండి తెచ్చారు. దక్షిణ అమెరికాలో పొటోసి కొండ తవ్వి తీసిన వెండి యూరప్ మీదుగా మన తీరానికి వచ్చేది. ఆ వెండితో బందరు అద్దకం గుడ్డలు కొని, కొన్ని తూర్పు దీవులకి తీసుకెళ్లి మిరియాలు, లవంగాలు కొనేవారు, కొన్ని యూరప్‌కి పంపేవారు. ఉతికినా రంగు పోని మన గుడ్డలకి లండన్ ఆడవాళ్లు ఎగబడ్డారు. నాణ్యతలో, ధరలో పోటీ మనమే గెలిచాం. గెలిచాక ఏమైంది? 1700లో ఇంగ్లండు పార్లమెంటు అద్దకం గుడ్డల దిగుమతిని నిషేధించింది. అది చాలదని 1719లో లండన్ పట్టు నేతగాళ్లు వీధిలో నూలు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. 1721లో వాడకాన్నే చాలామటుకు నిషేధిస్తూ ఇంకో చట్టం వచ్చింది. స్వేచ్ఛా వ్యాపారం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన దేశం చిన్నప్పుడు చేసిన పని ఇది. ఆ గోడ చాటున లాంకషైర్ పెరిగింది. పాల్ బైరోక్ అంచనా ప్రకారం ప్రపంచ పారిశ్రామిక ఉత్పత్తిలో మన వాటా 1750లో 24.5 శాతం, 1900 నాటికి 1.7. ఈ అంకెలూ ఉజ్జాయింపులే. కానీ దిశ విషయంలో ఎవరికీ తగువు లేదు.

ఇక్కడ గమనించాల్సింది గుడ్డ సంగతి ఒక్కటే కాదు. నేతగాళ్లు గోల చేస్తే చట్టం చేసి, దాన్ని రేవుల్లో అమలుచేసి, సుంకం వసూలు చేయగల ప్రభుత్వం అక్కడ ఉంది. పెద్దాపురం నేతగాడు, పెడన అద్దకంవాడు గోల చేస్తే వినే సర్కారు గోల్కొండలో గానీ ఢిల్లీలో గానీ లేదు. మొగలులు పన్ను తక్కువేమీ వేయలేదు. పండినదాంట్లో పెద్ద భాగమే గుంజారు. అది జాగీర్దార్ల దగ్గర, వాళ్ల గుర్రపు దళాల దగ్గర ఆగిపోయేది. 1707లో ఔరంగజేబు పోయాక ఆ కాస్తా పైకి రావడం తగ్గిపోయింది.

ఇంగ్లండు ప్రభుత్వం ఆ కాలంలో నేర్చుకున్న విద్య అప్పు చేయడం. వినడానికి తమాషాగా ఉంటుంది. 1672లో వాళ్ల రాజు రెండో ఛార్లెస్ కూడా మన రాజుల్లాగే షావుకార్లకి అప్పు ఎగ్గొట్టాడు. 1688 తరవాత పన్ను వేసే అధికారం, ఖర్చు అడిగే అధికారం పార్లమెంటుకి గట్టిగా చిక్కాయి. పార్లమెంటులో కూర్చున్నవాళ్లూ, ప్రభుత్వానికి అప్పిచ్చినవాళ్లూ చాలావరకు ఒక వర్గంవాళ్లే. తమ అప్పు తామే ఎగ్గొట్టుకోరు కదా! 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెట్టి 12 లక్షల పౌండ్లు నూటికి 8 చొప్పున అప్పిచ్చారు. 1750ల నాటికి ప్రభుత్వానికి నూటికి 3కే అప్పు దొరుకుతోంది. ఆ వడ్డీ కట్టింది ఎవరయ్యా అంటే బీరు, ఉప్పు, సబ్బు, కొవ్వొత్తుల మీద సుంకం కట్టిన అక్కడి బీదలు. ఆ సంగతి మరిచిపోకూడదు.

సంవత్సరానికి నూటికి 3 అంటే నెలకి నూటికి పావలా. మన భాషలో పావలా వడ్డీ. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల కోసం వచ్చిన పథకం పేరు ఇది. రాష్ట్ర ప్రభుత్వం తన చేతి డబ్బు వేస్తే గానీ సాధ్యం కాని ఆ వడ్డీకి, పద్ధెనిమిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లండు సర్కారు బజార్లో అప్పు తెచ్చుకోగలిగింది. ఏడేళ్ల యుద్ధం వచ్చినప్పుడు, ఫ్రెంచివాళ్లతో సముద్రాలన్నిటి మీదా కొట్లాడాల్సి వచ్చినప్పుడు, పడవలు కట్టింది ఇలాంటి అప్పుతోనే. 1759లో బందరు కోట ఫ్రెంచివాళ్ల చేతిలోంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది కూడా ఆ యుద్ధంలోనే.

మనవైపు వడ్డీ ఎంత? దీనికి హైదరాబాదులో జరిగిన ఒక వ్యవహారం ఉంది. ఇది మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది, కొన్నిట్లో అదీ ఉండదు. 1814లో విలియం పామర్ అనే ఆయన హైదరాబాదులో ఒక వడ్డీ వ్యాపారం పెట్టాడు. తండ్రి ఇంగ్లీషు జనరలు, తల్లి ఉత్తరాది ముస్లిం కుటుంబపు స్త్రీ. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువు పెంచిన అమ్మాయిని చేసుకున్న రంబోల్డ్ అందులో భాగస్వామి. ఇంగ్లీషువాళ్లు దేశీ రాజులకి అప్పివ్వకూడదని చట్టం ఉంటే, 1816లో ఈ ఒక్క కంపెనీకి అనుమతి వచ్చింది. ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. నిజాం దివానం చూస్తున్న చందూలాల్ ఈ కంపెనీ దగ్గర తెచ్చిన అప్పు మీద వడ్డీ 24, 25 శాతం. అంటే మన పల్లెల్లో అనే రెండు రూపాయల వడ్డీ. హైదరాబాదు రాజ్యం, కావలి రైతు, ఇద్దరిదీ ఒకటే రేటు! అప్పు దేనికంటే, చాలామటుకు ఇంగ్లీషు అధికారుల కింద నడిచే సైన్యం జీతాలకి. ఆ సైన్యాన్ని పెట్టుకోమని పట్టుబట్టింది కూడా ఇంగ్లీషువాళ్లే.

1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ దీన్ని బయటపెట్టాడు. 1823లో లెక్క తేల్చారు. ఎలా తేల్చారో చూడండి. ఉత్తర సర్కారులు 1766లో కంపెనీకి ఇచ్చినందుకు కంపెనీ నిజాంకి పేష్కష్ కట్టేది. అప్పటికి అది ఏడాదికి 7 లక్షలు. ఈ కోస్తా మీద నిజాంకి మిగిలిన చివరి హక్కు అది. దాన్ని శాశ్వతంగా వదులుకుంటే కంపెనీ ఒకేసారి 1,16,66,666 రూపాయలు ఇచ్చింది. దాంతో పామర్ అప్పు తీర్చారు.

ఆ వింత అంకె చూసి నేను మళ్లీ కాయితం తీశాను. 7 లక్షలని 6 శాతంతో భాగిస్తే సరిగ్గా ఈ మొత్తమే వస్తుంది. కంపెనీ అర్ధరూపాయి వడ్డీ చొప్పున లెక్క కట్టింది. నిజాం వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. కోటీ పదహారు లక్షల మీద పామర్ వడ్డీ నూటికి 24 వేస్తే ఏడాదికి 28 లక్షలు. 28 లక్షల వడ్డీ తప్పించుకోడానికి 7 లక్షల రాబడి వదులుకోవడం తెలివితక్కువ పనేమీ కాదు. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేస్తారు. ఆ చివరి మెట్టు దగ్గర మోసం అవసరమే లేదు. ఒకడికి అర్ధరూపాయికి, ఇంకొకడికి రెండు రూపాయలకి డబ్బు దొరికినంతకాలం ఆస్తి రెండోవాడి దగ్గర నిలవదు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న హక్కు తుపాకీ పేలకుండా ఒక భాగహారంతో చేతులు మారింది. తరవాత 1853లో సైన్యం బాకీ కిందే బీరారు కూడా పోయింది.

కంపెనీ ఎప్పుడూ లాభాల్లో ఉండి ఇదంతా చేసిందనుకోకూడదు. 1765లో బెంగాల్ దివానీ చిక్కాక వెండి తేవడం తగ్గించి, బెంగాల్ రైతు కట్టిన శిస్తుతోనే బెంగాల్ సరుకు కొనడం మొదలెట్టారు. 1770లో అక్కడ ఘోరమైన కరువు. అయినా 1772కి కంపెనీ దివాలా అంచుకి వచ్చింది. 1773లో వాళ్ల సర్కారు 14 లక్షల పౌండ్లు అప్పిచ్చి నిలబెట్టింది. మన సంస్థానాలు మునిగితే నిలబెట్టేవాడు లేడు.

దోపిడీ మాటేమిటి అని మిత్రులు అడుగుతారు. జరిగింది. దాదాభాయి నౌరోజీ 1901లో పుస్తకమే వేశాడు. 1868 నుంచి 1930ల దాకా ఏటా జాతీయాదాయంలో ఇంచుమించు 1 శాతం బయటికి పోయిందని మాడిసన్ అంచనా. బక్కచిక్కిన దేశానికి అది చిన్న మొత్తం కాదు. అయితే 2018 నుంచి తిరుగుతున్న 45 లక్షల కోట్ల డాలర్ల అంకె సంగతి వేరు. ఉత్సా పట్నాయక్ 1765 నుంచి 1938 దాకా పోయిన మొత్తానికి 5 శాతం చక్రవడ్డీ కట్టి ఈ కాలానికి తెచ్చిన లెక్క అది. 5 శాతం చక్రవడ్డీతో 1 రూపాయి 250 ఏళ్లలో సుమారు 1,98,000 అవుతుంది. 3 శాతమైతే సుమారు 1,600. వడ్డీరేటు రెండు మెట్లు దించితే నూట ఇరవై రెట్లు తగ్గిపోయే అంకెని దోపిడీకి కొలతగా చూపించడం నావల్ల కాదు. నేరం రుజువు చేయడానికి దాని అవసరమూ లేదు.

బ్రిటన్ చేతిలోంచి అమెరికా చేతికి పెత్తనం పోవడంలోనూ ఇదే కనిపిస్తుంది. మొత్తం ఉత్పత్తిలో అమెరికా 1870ల్లోనే బ్రిటన్‌ని దాటింది. అయినా పౌండు రాజ్యం ఇంకో డెబ్బై ఏళ్లు సాగింది. రెండు యుద్ధాలతో లండన్ అప్పిచ్చే ఊరు కాస్తా అప్పు తెచ్చుకునే ఊరైంది. 1946లో అమెరికా 375 కోట్ల డాలర్లు 2 శాతానికి ఇచ్చింది. ఆఖరి వాయిదా 2006 డిసెంబరులో కట్టారు. 1956లో సూయెజ్ మీదకి సైన్యం పంపితే, పౌండు పడిపోతుంటే, కాల్పులు ఆపితే గానీ ద్రవ్యనిధి నుంచి డబ్బు రానివ్వమని అమెరికా అంది. బ్రిటన్ వెనక్కి వచ్చేసింది.

అయితే అప్పిచ్చినవాడిదే పైచేయి అని కొత్త సూత్రం కట్టబోతే అదీ నిలవదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యేసరికి బ్రిటన్ మనకి సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. 1943లో బెంగాల్‌లో లక్షలమంది ఆకలితో చచ్చిపోతున్నప్పుడు కూడా ఆ ఖాతా పెరుగుతూనే ఉంది. మనమే షావుకారు. కానీ బాకీ పౌండ్లలో ఉంది, పౌండు వాళ్ల చేతిలో ఉంది, చిట్టా లండన్‌లో ఉంది. 1947 తరవాత కూడా వాళ్లు విడిచినంతే, విడిచినప్పుడే వాడుకున్నాం.

2022లో మన మొత్తం ఉత్పత్తి బ్రిటన్‌ని దాటిందని పేపర్లలో పెద్దక్షరాలు వచ్చాయి. అది నిజమే. ఆ ఏడాది మన తలసరి ఆదాయం వాళ్లదాంట్లో ఇంచుమించు ఇరవయ్యో వంతు. అదీ నిజమే. మొదటిది చదివి మిఠాయిలు పంచుకున్న మిత్రుడికి రెండోది చెబితే, నీకన్నీ అనుమానాలే అన్నాడు.

మొన్న మళ్లీ బందరు వెళ్లాను. ఈసారి బోర్డు మీద 24.4 రాయలేదు. పావలా, అర్ధరూపాయి, రెండు రూపాయలు అని మూడు మాటలు రాసి, ఒకదాని ఎదురుగా లండన్, ఒకదాని ఎదురుగా కంపెనీ, ఒకదాని ఎదురుగా నిజాం అని రాశాను. వెనక వరసలో ఆ అమ్మాయి కోసం చూశాను, రాలేదు, ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిందట. ముందు వరసలో పెడన నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నలభై ఏళ్లుగా అచ్చులతో అద్దకం చేస్తున్నాడట. బోర్డు వంక చాలాసేపు చూసి, "మాకిప్పుడు మూడు రూపాయలు నడుస్తోందండీ" అన్నాడు.